నేలను తాకబోయే క్షణం: పడే వస్తువు పాఠంపై ఒక విమర్శ

ఈ లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. "20 మీటర్ల ఎత్తు నుండి ఒక రాయిని స్వేచ్ఛగా జారవిడిచారు. అది భూమిని తాకినప్పుడు దాని వేగం ఎంత? (గురుత్వ త్వరణం 10 అనుకోండి.)" తెలుగు మీడియంలో చదివినా, ఇంగ్లీషు మీడియంలో చదివి ట్యూషన్‌లో తెలుగులో విన్నా, ఈ ధోరణి లెక్క మనలో చాలామంది చెవుల్లో ఉండిపోయింది. మన తెలుగు బడిలో పదకొండేళ్లు దాటిన పిల్లలకి కాస్త ఆలోచన పెట్టే పాఠం చెబుదాం అనుకున్నప్పుడు మనకి మొదట తట్టేది కూడా ఇలాంటిదే. మనలో ఇంజినీర్లు ఎక్కువ, కాబట్టి అది సహజం.

పాఠం చెప్పే ముందు ఆ రెండు వాక్యాల్నీ ఒకసారి పరీక్షగా చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను. కథనో పద్యాన్నో విమర్శించేటప్పుడు మాట మాటా పట్టి చూస్తాం కదా, అలాగన్నమాట. ఫిజిక్సు పరంగా ఇందులో తప్పేమీ లేదు. జవాబు సెకనుకి 20 మీటర్లు, అది సరైనదే. కానీ ఎర్లాంగెన్‌లో పెరుగుతూ, వారానికి ఒక పూట మాత్రమే తెలుగు చదివే పిల్లలకి ఈ పాఠం ఏమిస్తోంది? నా ఉద్దేశంలో ఇది వాళ్ల చేతిలో ఐదారు బరువైన నామవాచకాలు పెట్టి, ఆలోచించడానికి కావలసిన చిన్న మాటల్ని ఇవ్వకుండా పంపేస్తోంది. ఆ చిన్న మాటలు మన భాషలో కావలసినన్ని ఉన్నాయి. వాటిని పాఠంలోకి ఎలా తేవచ్చో ఇక్కడ చెప్పాలని నా ప్రయత్నం.

తాకినప్పుడా, తాకబోయేటప్పుడా?

ఒక శనివారం ఈ లెక్కనే బోర్డు మీద రాసి అడిగాను. ముందు వరసలో పాప వెంటనే చెయ్యెత్తి "సున్నా" అంది. ఎందుకమ్మా అంటే, "నేలని తాకినప్పుడు ఆగిపోయింది కదా ఆంటీ" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, కాదమ్మా అంటూ సూత్రం రాశాను.

ఇంటికెళ్లాక ఆలోచిస్తే తప్పు నాదేనని తెలిసింది. "తాకినప్పుడు" అంటే తాకడం జరిగిపోయిందనే అర్థం వస్తుంది. ఆ పాప తెలుగు వాక్యాన్ని తెలుగు వాక్యంలాగే చదివింది. మనం మాత్రం ఆ వాక్యాన్ని చదవడం ఎప్పుడో మానేశాం. అంకెలు కనబడగానే తీసుకెళ్లి సూత్రంలో పడేస్తాం.

మనకి కావలసింది నేలను తాకకముందు, చిట్టచివరి క్షణంలో ఉన్న వేగం. దీన్ని జర్మన్‌లో చెప్పాలంటే "కుర్ట్స్ ఫోర్ డెమ్ ఆఫ్‌ప్రాల్" అని నాలుగు మాటలు కావాలి. తెలుగులో ఒక చిన్న ముక్క చాలు: "బోయే". తాకబోయే క్షణంలో వేగం ఎంత? అంతే, చిక్కు విడిపోయింది. మన పిల్లలకి "రాబోయే వారం" అనేది తెలుసు, "పడబోయావు, చూసుకో" అని అమ్మ అరవడం తెలుసు. కానీ తమంతట తాము ఈ రూపాన్ని వాడడం తక్కువ.

కాబట్టి పాఠాన్ని ఇక్కడే మొదలుపెట్టండి. ఒక బంతిని చేతిలోంచి వదిలి, ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీయండి. ఆపి ఆపి చూపిస్తూ అడగండి. ఇప్పుడు ఏమవుతోంది? పడుతోంది. ఇప్పుడు? తాకబోతోంది. ఇప్పుడు? తాకింది. ఈ మూడింట్లో ఎప్పుడు వేగం అన్నిటికన్నా ఎక్కువ? ఈ ప్రశ్నకి జవాబు చెప్పిన పిల్లవాడికి ఫిజిక్సులో సగం, తెలుగు క్రియల్లో సగం ఒకేసారి పట్టుబడ్డట్టే.

వదలడం వేరు, విసరడం వేరు

తరవాతి మాట "స్వేచ్ఛగా". ఇది మనకి సాంకేతిక పదం. అంటే భూమి లాగడం తప్ప ఇంకే బలమూ ఆ రాయి మీద పని చెయ్యడం లేదని. పిల్లలకి మాత్రం అది పక్షులకి, మనుషులకి ఉండేది. జర్మన్‌లోనూ దీన్ని "ఫ్రయర్ ఫాల్" అనే అంటారు కాబట్టి స్కూల్లో ఆ పాఠం వచ్చినప్పుడు రెండు భాషల్లోనూ ఒకే ఊహ ఉందని చూపించొచ్చు. అంతవరకు "ఏ అడ్డూ లేకుండా" అంటే సరిపోతుంది.

నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది "జారవిడిచారు" అనే క్రియ. మొదటి వేగం సున్నా అనే సమాచారమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మనం నేర్చుకున్న "వీ ఈక్వల్స్ యూ ప్లస్ ఏటీ" లో యూ ఎంతో లెక్కలో ఎక్కడా అంకెలా రాయరు, క్రియలో దాచిపెడతారు. వదిలేస్తే సున్నా. చేతిలోంచి జారిపడితే సున్నా. కొమ్మ నుంచి ఊడిపడితే సున్నా. కిందకి విసిరితే సున్నా కాదు. పైకి ఎగరేస్తే సున్నా కాదు, పైగా దిశ కూడా వేరు.

ఈ క్రియలన్నీ మాతృభాషగా తెలిసినవాడికి యూ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మన పిల్లలకి "పడింది", "పడేశాడు" తప్ప మిగతావి అలవాటు లేవు. ఇంట్లో అన్నిటికీ అవే వాడతాం మరి. ఒక పది వాక్యాలు బోర్డు మీద రాసి, ప్రతిదాంట్లో మొదటి వేగం సున్నానా, కాదా అని అడగండి. అది అచ్చంగా తెలుగు క్లాసే. ఫిజిక్సు దానంతటదే వస్తుంది.

ఇరవైకి ఇరవై

ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించేది దాని అంకె. ఎత్తు 20 మీటర్లు, జవాబు సెకనుకి 20 మీటర్లు. లెక్క సులువుగా తేలాలని ఎవరో ఎంచుకున్న అంకె అది. ఫలితం ఏమిటంటే, ఎత్తు ఎంతో వేగం అంతే అనే భ్రమ. 45 మీటర్లయితే ఎంత అని అడిగి చూడండి. చాలామంది 45 అనేస్తారు. నిజానికి అది 30.

ఇంతకన్నా పాఠం చెప్పే అంకెల వరస ఒకటుంది: 5, 20, 45. ఈ ఎత్తుల నుంచి పడితే వేగాలు వరసగా సెకనుకి 10, 20, 30 మీటర్లు. ఎత్తు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లే అయ్యింది. ఎత్తు తొమ్మిది రెట్లయితే వేగం మూడు రెట్లు. ఒకే ఒక్క ఎత్తు ఇచ్చి జవాబు అడిగితే ఈ సంబంధం ఎప్పటికీ కనబడదు. మూడు ఎత్తులు పక్కపక్కన పెడితే "రెట్లు" అనే మాటకి పని దొరుకుతుంది. వర్గమూలం ఇంకా రాని పిల్లలు కూడా పట్టికని చూసి చెప్పేస్తారు.

బరువైన మాటల్ని విప్పి చెబుదాం

గురుత్వం, త్వరణం, పతనం, స్థానభ్రంశం. ఇవన్నీ తీసేసి ఇంగ్లీషు మాటలు పెడదామని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పిల్లలకి స్కూల్లో జర్మన్ మాటలు ఎలాగూ వస్తాయి. ఇంగ్లీషువీ వస్తాయి. తెలుగు మాట మనం చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. మనవాళ్ల సైన్సు పుస్తకాలు ఒక మంచి పని కూడా చేశాయి. దిశ లేని స్పీడుని "వడి" అనీ, దిశ ఉన్నదాన్ని "వేగం" అనీ విడదీశాయి. వడివడిగా నడవడంలో ఉన్న అచ్చ తెలుగు మాటకి శాస్త్రంలో చోటిచ్చాయి. రోజువారీ జర్మన్‌లో రెంటికీ "గెష్విండిష్‌కైట్" అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారు.

నా విమర్శ ఆ మాటల్ని మూట విప్పకుండా ఇవ్వడం మీద. త్వరణం ఎక్కడి నుంచి వచ్చింది? "త్వరగా రా" లోని త్వర నుంచి. ఆ మాట మన పిల్లలు రోజూ పొద్దున్నే వింటారు. వేగం పుంజుకోవడం అని మనమంటామే, అదే త్వరణం. "గురు" అంటే బరువైనది. పద్యం చెప్పే ఇంట్లో పిల్లలకి గురువు, లఘువు తెలిసే ఉంటాయి. అక్కడ కూడా గురువంటే బరువైన అక్షరమే. ఇంగ్లీషు గ్రావిటీకి మూలమైన లాటిన్ మాటకీ బరువనే అర్థం, అది సంస్కృతంలోని గురు శబ్దానికి చుట్టం. జర్మన్ "ష్వేర్‌క్రాఫ్ట్" లోని ష్వేర్ కూడా బరువే. ఒక్క మాట విప్పితే నాలుగు భాషలు ఒకచోట కూర్చుంటాయి. హెరిటేజ్ బడి తప్ప ఇంకెవరు చెప్పగలరు ఈ పాఠం?

అయితే ఒక హెచ్చరిక. గురుత్వం అంటే బరువు అని చెప్పగానే, బరువైనది త్వరగా పడుతుందని పిల్లలు అనుకుంటారు. అరిస్టాటిల్ కూడా అలాగే అనుకున్నాడు. దాని సంగతి కొంచెం ఆగి చూద్దాం.

పతనం అనే మాటని మాత్రం నేను ఆఖరికి వాయిదా వేస్తాను. రోజువారీ తెలుగులో ప్రభుత్వాలు, విలువలు పతనమవుతాయి కానీ, రాళ్లు కాదు. రాళ్లు పడతాయి.

చొప్పున, కొద్దీ

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పడే వస్తువు వేగం ఎలా పెరుగుతుంది? పాఠంలో "గురుత్వ త్వరణం 10 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్" అని ఉంటుంది. "సెకండ్ స్క్వేర్ అంటే ఏంటి?" అని ఎవరైనా అడిగితే, మనలో ఎంతమందిమి జవాబు చెప్పగలం? సెకనుని చదరం చెయ్యడం ఎవరి ఊహకీ అందదు.

తెలుగులో దీనికో మాట ఉంది: "చొప్పున". కిలో అరవై చొప్పున టమాటాలు కొంటాం. మనిషికి రెండు చొప్పున లడ్డూలు పంచుతాం. అలాగే, పడే వస్తువు వేగం ప్రతి సెకనుకీ పది చొప్పున పెరుగుతుంది. వదిలినప్పుడు సున్నా. ఒక సెకను అయ్యేసరికి సెకనుకి 10 మీటర్ల వేగం. రెండు సెకన్లు అయ్యేసరికి 20. మూడయ్యేసరికి 30. సెకండ్ స్క్వేర్ అంటే ఇదే. "సెకనుకి ఇన్ని మీటర్లు" అనేది వేగం, అది "సెకనుకి ఇంత చొప్పున" పెరుగుతోంది. సెకను రెండుసార్లు వచ్చింది, అంతే.

ఎత్తు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. మొదటి సెకనులో వేగం సున్నాతో మొదలై పదికి చేరింది, సగటు ఐదు. ఒక సెకను పాటు సగటున ఐదు చొప్పున పడింది కాబట్టి పడిన దూరం 5 మీటర్లు. రెండు సెకన్లకైతే సగటు పది, రెండు పదులు 20 మీటర్లు. మూడు సెకన్లకి సగటు పదిహేను, మూడు పదిహేనులు 45 మీటర్లు. ఇందాకటి 5, 20, 45 ఎక్కడివో ఇప్పుడు తెలిసింది. ఏ సూత్రమూ బట్టీ పట్టనవసరం లేకుండానే వచ్చాయి.

ఈ వరసలో ఇంకో అందం ఉంది. మొదటి సెకనులో 5 మీటర్లు, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25. అంటే ఒకటి, మూడు, ఐదు రెట్లు. ఇలా బేసి సంఖ్యల్లో పెరుగుతుందని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో చూపించాడు. పీసా గోపురం మీద నుంచి గుండ్లు వదిలాడన్న కథ ఆయన శిష్యుడు వివియానీ రాసిన జీవితచరిత్రలోది. చరిత్రకారుల్లో చాలామందికి ఆ కథ మీద అనుమానమే. ఆయన తన పుస్తకంలో వివరంగా రాసింది మాత్రం ఏటవాలు చెక్క మీద కంచు గుండుని దొర్లించి, పాత్రలోంచి కారే నీటిని తూచి కాలం కొలవడం గురించి. పడడం మరీ త్వరగా అయిపోతుంది కాబట్టి దాన్ని నెమ్మది చేసి చూశాడాయన. మనం గోపురం కథ చెప్పి ఈ తెలివైన పని చెప్పడం మానేస్తున్నాం.

బడిలో చెయ్యదగ్గ ప్రయోగం ఒకటి చెబుతాను. రెండు మీటర్ల దారం, కొన్ని ఇనప నట్లు చాలు. దారం కింది కొసన ఒక నట్టు కట్టండి. అక్కడి నుంచి 20, 80, 180 సెంటీమీటర్ల దూరాల్లో ఇంకో మూడు కట్టండి. కింది నట్టు నేలను ఆనుకునేలా దారాన్ని నిలువుగా పట్టుకుని వదిలేయండి. కింద ఒక రేకు పళ్లెం పెడితే చప్పుడు బాగా వినబడుతుంది. నట్ల మధ్య దూరాలు 20, 60, 100 అయినా, టక్, టక్, టక్ అని తాళం వేసినట్టు సమానమైన వ్యవధిలో పడతాయి. ఇంకో దారానికి 60 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున సమాన దూరాల్లో కట్టి వదలండి. ఈసారి చప్పుళ్లు ఒకదాని మీద ఒకటి తోసుకొస్తాయి.

ఎందుకు అని అడగండి. మీకు కావలసిన జవాబు ఇది: "పడేకొద్దీ వేగం పెరుగుతుంది." ఈ "కొద్దీ" అనేది మన పిల్లల నోట ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. "వెన్ మోర్, దెన్ మోర్" అనో, జర్మన్‌లో "యే, డెస్టో" అనో చెప్పి తప్పించుకుంటారు. "ఎంత ఎత్తు నుంచి పడితే అంత వేగం" అనే వాక్యం నేర్పితే, వెంటనే "ఎత్తు రెట్టింపైతే వేగం రెట్టింపవుతుందా?" అని మనమే ఎదురు ప్రశ్న వెయ్యొచ్చు. అవ్వదు. అంటే "ఎంత–అంత" అన్నంత మాత్రాన రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతున్నట్టు కాదు. ఈ తేడాని తెలుగులో మాట్లాడుకోవడమే ఈ పాఠానికి గుండెకాయ.

రాలడం వేరు, పడడం వేరు

పుస్తకం లెక్కలో "గాలి నిరోధాన్ని విస్మరించండి" అని ఒక వాక్యం ఉంటుంది, లేదా అది కూడా ఉండదు. ఇంత పెద్ద విషయాన్ని ఇంత చిన్న వాక్యంతో దాటెయ్యడం పాఠంలో పెద్ద లోటు.

వాన చినుకుని తీసుకోండి. రెండు కిలోమీటర్ల ఎత్తున్న మబ్బు నుంచి పడితే, గాలే లేకపోతే, నేలను తాకబోయే క్షణానికి దాని వేగం గంటకి 700 కిలోమీటర్లు దాటాలి. గొడుగు కాదు కదా, ఇంటి పెంకు కూడా ఆగదు. నిజంగా పెద్ద చినుకు కూడా సెకనుకి సుమారు 9 మీటర్ల వేగంతోనే పడుతుంది, అంటే గంటకి 30 కిలోమీటర్లకి కాస్త పైన. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు పెరుగుతుంది. అడ్డు బరువుకి సమానమయ్యాక వేగం ఇక పెరగదు.

మన భాషకి ఈ తేడా ముందే తెలిసినట్టుంటుంది. ఆకు రాలుతుంది, వాన కురుస్తుంది, మంచు కురుస్తుంది, గోడ కూలుతుంది, రాయి పడుతుంది. జర్మన్‌లో వీటిలో చాలావాటికి "ఫాలెన్" ఒక్కటే వాడొచ్చు. పూర్వులు ఫిజిక్సు తెలిసి ఈ మాటలు పెట్టారని నేననను. పండు కూడా రాలుతుంది, అది గాలి కోసం ఆగదు. కానీ ఈ క్రియల జాబితా రాయించి, "మన లెక్క వీటిలో దేనికి సరిపోతుంది, దేనికి సరిపోదు?" అని అడిగితే గాలి సంగతి పిల్లలే పైకి తీస్తారు.

గాలి లేకపోతే బరువైనదీ తేలికైనదీ ఒకేలా పడతాయి. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తిని, డేగ ఈకని ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకాయి. ఆ వీడియో క్లాసులో చూపించండి. జర్మనీలోనే బ్రేమెన్ యూనివర్సిటీలో 146 మీటర్ల గోపురం ఒకటుంది. అందులో గాలి తీసేసిన గొట్టంలో 110 మీటర్ల పాటు వస్తువుల్ని పడనిస్తారు. పడడానికి 4.74 సెకన్లు పడుతుంది. చివరికి వేగం ఎంతో మన "చొప్పున" తోనే లెక్కకట్టొచ్చు: 4.74ని 9.81తో గుణిస్తే సెకనుకి సుమారు 46.5 మీటర్లు, అంటే గంటకి 167 కిలోమీటర్లు.

ఈ 9.81 అనేది ఇక్కడి అంకె. స్కూల్లో దీన్ని "ఓర్ట్స్‌ఫాక్టర్" అంటారు. ఓర్ట్ అంటే చోటు. చోటుని బట్టి మారేదని ఆ పేరులోనే ఉంది. హైదరాబాద్‌లో ఇది సుమారు 9.78. భూమి తిరుగుతూ ఉండడం వల్ల, భూమధ్యరేఖ దగ్గర ఉబ్బెత్తుగా ఉండడం వల్ల అక్కడ కొంచెం తక్కువ. తాతయ్య ఇంట్లో పడే రాయి మన ఇంట్లో పడే రాయి కన్నా వెయ్యికి మూడు పాళ్లు నెమ్మదిగా వేగం పుంజుకుంటుందని చెప్పి చూడండి, పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో. మన పాఠం అన్నిచోట్లా 10 అని చెప్పి ఈ ముచ్చట పోగొడుతోంది. ముందు 10తో నేర్పడం మంచిదే, అక్కడే ఆపెయ్యడమే బాగోలేదు.

ఈ లెక్క ఎవరికి కావాలి?

పుస్తకం లెక్కలో రాయిని ఎవరు వదిలారో, ఎందుకు వదిలారో ఉండదు. వేగం తేలాక దాంతో ఏం చెయ్యాలో కూడా ఉండదు. సెకనుకి 20 మీటర్లంటే ఎక్కువా తక్కువా? గంటలోకి మార్చితే 72 కిలోమీటర్లు. ఇప్పుడు అర్థమవుతుంది.

మన స్కూళ్ల ముందు 30 బోర్డులు ఉంటాయి. ఊళ్లో మామూలు రోడ్డు మీద 50. ఇదే లెక్కని తిరగేసి అడగండి: ఎంత ఎత్తు నుంచి పడితే గంటకి 30 కిలోమీటర్ల వేగం వస్తుంది? మూడున్నర మీటర్లు, అంటే ఒక అంతస్తు. 50కి? దాదాపు పది మీటర్లు, మూడు అంతస్తులు. 30కి, 50కి మధ్య తేడా ఇరవయ్యే అనిపిస్తుంది కానీ, ఎత్తులో చూస్తే ఒక అంతస్తు మూడు అంతస్తులయ్యింది. సైకిల్ హెల్మెట్ పెట్టుకోమని రోజూ గొంతు చించుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క పోలిక చెప్పి చూడండి.

మన ఊళ్ల వైపు చూస్తే ఇదింకా బరువైన లెక్క. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు పన్నెండు మీటర్ల ఎత్తున మోకు జారి పడితే, ఒకటిన్నర సెకనులో నేల వస్తుంది. తాకబోయే క్షణానికి వేగం గంటకి 55 కిలోమీటర్లు. కారు గుద్దినంత దెబ్బ. 2024లో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్ష" పేరుతో గీత కార్మికులకి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పడ్డాక ఒకటిన్నర సెకనులో మనిషి చెయ్యగలిగింది ఏమీ లేదు. అందుకే చెట్టుకి పట్టి ఉంచే తాడు కావాలి. కల్లు అంటే నవ్వుకునే పిల్లలకి ఆ కల్లు ఎంత ఎత్తు నుంచి దిగి వస్తుందో తెలిస్తే, ఊరి గురించి వాళ్లు వేసే ప్రశ్నలే మారతాయి.

మన ఊరి ఎమ్మీ నోథర్

బరువు సంగతి ఇంకా బాకీ ఉంది. గాలి లేనప్పుడు బరువు లెక్కలోకి ఎందుకు రాదు? దీనికి చక్కని దారి శక్తి. పైన ఉన్నప్పుడు వస్తువుకి ఎత్తు వల్ల వచ్చిన శక్తి ఉంటుంది. పడేకొద్దీ అది తగ్గి, వేగం వల్ల వచ్చే శక్తిగా మారుతుంది. వస్తువు ఎంత బరువైతే రెండు శక్తులూ అన్ని రెట్లవుతాయి. రెండు వైపులా ఉన్నదాన్ని కొట్టేస్తే ఎత్తు, వేగం మాత్రమే మిగులుతాయి. ఎత్తుని 10తో, తరవాత 2తో గుణించి వర్గమూలం తీస్తే వేగం వచ్చేది అందుకే. 5 మీటర్లకి √100, అంటే 10.

శక్తి ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారుతుంది కానీ మొత్తం మీద తగ్గదు, పెరగదు. ఎందుకని? ప్రకృతి నియమాలు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉండడం వల్లనే అని గణితంలో రుజువు చేసి 1918లో ప్రచురించిన ఎమ్మీ నోథర్ మన ఎర్లాంగెన్‌లోనే పుట్టింది, 1882లో. ఇక్కడి యూనివర్సిటీలోనే 1907లో డాక్టరేట్ తీసుకుంది. ఆ తరవాత కొన్నేళ్లు జీతం లేకుండా ఇక్కడే పని చేసింది. ఆమె పేరుతో ఊళ్లో గిమ్నాసియం ఉంది, మన పిల్లలకి ఆ పేరు తెలుసు. ఆమె ఏం చేసిందో తెలుగులో రెండు ముక్కలు చెప్పగలిగితే, తెలుగు ఈ ఊరి భాష కూడా అవుతుంది. జీతం లేకుండా పాఠాలు చెప్పిన మనిషంటే మన వాలంటీర్లకి ఎలాగూ కాస్త ఆప్యాయత ఉంటుంది.

కొత్తగా రాస్తే

"స్కూల్లో జర్మన్‌లో నేర్చుకుంటారు కదా, మళ్లీ తెలుగులో ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫిజిక్సు కోసమైతే అక్కర్లేదు. తెలుగు కోసం కావాలి. పన్నెండేళ్లు వచ్చేసరికి పిల్లల ఆలోచన పెద్దదవుతుంది. తెలుగు మాత్రం "తిన్నావా, పడుకో, రా" దగ్గరే ఆగిపోతే, ఆ ఆలోచనకి చాలని చొక్కా అవుతుంది. అప్పుడే బడి మానేస్తారు. ఇది మనం ప్రతి ఏడూ చూస్తున్నదే. ఎందుకు, ఎలా, ఎంత, ఐతే అని తెలుగులో వాదించగలిగిన పిల్లకి తెలుగుతో ఇంకా పని ఉంటుంది.

అందుకే మొదటి లెక్కని నేను ఇలా మార్చి రాస్తాను. మీ క్లాసుకి తగినట్టు మీరూ మార్చుకోండి.

"కస్టానియన్ చెట్టు కొమ్మ ఒకటి నేలకి 5 మీటర్ల ఎత్తులో ఉంది. దానికున్న కాయ ఊడి కింద పడింది. గాలి అడ్డుని ప్రస్తుతానికి పక్కన పెడదాం. వేగం సెకనుకి 10 చొప్పున పెరుగుతుంది అనుకుందాం. ఒకటి: మొదటి వేగం ఎంత? ఏ మాటని బట్టి చెప్పావు? రెండు: నేలను తాకబోయే క్షణంలో వేగం ఎంత? గంటకి ఎన్ని కిలోమీటర్లు? మూడు: కొమ్మ 20 మీటర్ల ఎత్తులో ఉంటే వేగం ఎన్ని రెట్లవుతుంది? నాలుగు: కాయకి బదులు ఆకు రాలితే ఈ లెక్క పనికొస్తుందా? 'కొద్దీ' అనే మాట వాడి రెండు వాక్యాల్లో చెప్పు."

జవాబులు వరసగా: సున్నా, "ఊడి" అనే మాటని బట్టి. సెకనుకి 10 మీటర్లు, అంటే గంటకి 36 కిలోమీటర్లు. రెండు రెట్లు. నాలుగోదానికి జవాబు రాసి ఇవ్వడం లేదు. అది పిల్లలు చెప్పాలి, మీరు వినాలి. వాక్యం సగంలో ఆగి జర్మన్‌లోకి జారిపోతే తొందరపడి అందివ్వకండి, కాసేపు ఆగండి. దిద్దేటప్పుడు అంకె తప్పితే అర మార్కు తగ్గించండి. వాక్యం తప్పితే తగ్గించకండి, ఇంకోసారి చెప్పించండి.

ఆ రోజు "సున్నా" అన్న పాపకి నేను తరవాతి శనివారం క్లాసులోనే చెప్పాను, నీ జవాబు సరైనదే, నా ప్రశ్నే సరిగ్గా లేదని. వెంటనే అడిగింది: "మరి తాకబోయేటప్పుడు ఎంత ఆంటీ?"